కోరంగి రేవు: గోదావరి డెల్టాలో ఒక ఓడరేవు ఉత్థానపతనాల పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

గౌతమీ గోదావరి నుంచి చీలిన ఏటి ఒడ్డున వెలసిన కోరంగి, 18వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి 19వ శతాబ్ది మధ్యభాగం వరకు తూర్పు తీరంలో పేరెన్నికగన్న వర్తకరేవు, నౌకానిర్మాణ కేంద్రం. ఈ రేవు 1839 నాటి ఉప్పెనతో ఒక్కసారిగా అంతరించిందన్న అభిప్రాయం నేడు బహుళ ప్రచారంలో ఉంది. మూడు లక్షల మరణాలు, ఇరవై వేల ఓడల వినాశనం అన్న గణాంకాలు ఆ అభిప్రాయానికి ఆధారాలుగా చూపబడుతున్నాయి. ఆ గణాంకాల విశ్వసనీయతను పరీక్షించి, రేవు క్షీణతకు దారితీసిన దీర్ఘకాలిక కారణాలను వర్తకం, నదీస్వభావం, నౌకాసాంకేతికత అన్న మూడు కోణాల నుంచి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. రేవు క్షీణించినా కోరంగి పేరు బర్మాకు తరలిన తెలుగువారి గుర్తింపుగా ఎలా నిలిచిందో కూడా ఇందులో పరిశీలించబడింది.

కీలకపదాలు: కోరంగి, గోదావరి డెల్టా, ఓడరేవులు, ఉప్పెన, నౌకానిర్మాణం, యానాం, ఇంజరం, కాకినాడ, బర్మా వలసలు.

1. ఉపోద్ఘాతం:

ఆంధ్ర తీరంలోని ఓడరేవుల చరిత్ర అనగానే ముందుగా స్ఫురించేవి మోటుపల్లి, మచిలీపట్నం. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో వేయించిన శాసనం మోటుపల్లికి శాశ్వత ఖ్యాతిని తెచ్చింది. గోలకొండ సుల్తానుల ప్రధాన రేవుగా, ఐరోపా కంపెనీల తొలి స్థావరాలలో ఒకటిగా మచిలీపట్నం గురించి విస్తారమైన పరిశోధన జరిగింది. గోదావరి ముఖద్వారంలోని కోరంగికి అటువంటి రాజశాసనం లేదు, కోట లేదు, రాజధానితో సంబంధం లేదు. అందువల్ల చరిత్ర రచనలో దానికి దక్కిన స్థానం స్వల్పం. దక్కిన ఆ కొద్దిపాటి స్థానాన్ని కూడా ఉప్పెన వృత్తాంతమే ఆక్రమించింది.

నేడు కోరంగి కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలో ఒక గ్రామం. కాకినాడకు దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది 1978లో ప్రకటించిన అభయారణ్యం, అందులోని మడచెట్లు, పక్షులు. ఒకప్పుడు ఇక్కడ సముద్రయానానికి పనికివచ్చే ఓడలు తయారయ్యేవన్నది, ఇక్కడి ఏటిలో నుంచి పెగూకు, మలయా ద్వీపకల్పానికి సరుకులు వెళ్ళేవన్నది స్థానికుల జ్ఞాపకంలో తప్ప కంటికి కనబడే ఆనవాళ్ళలో పెద్దగా మిగలలేదు.

ఒక రేవు ఎందుకు పుట్టింది, ఎందుకు పెరిగింది, ఎందుకు నశించింది అన్న మూడు ప్రశ్నలలో మొదటి రెండింటికి సమాధానం వెదకకుండా మూడవదానికి ‘తుఫాను’ అని సమాధానమివ్వడం చరిత్ర పద్ధతి కాదు. ఈ వ్యాసం ఆ మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలిస్తుంది.

2. భౌగోళిక స్థితి:

ధవళేశ్వరం దిగువన గోదావరి ప్రధానంగా గౌతమి, వసిష్ఠ అనే రెండు పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ అయిన గౌతమి సముద్రాన్ని సమీపించేచోట, యానాం వద్ద, దాని నుంచి ఒక చిన్న ఏరు ఉత్తరంగా వేరుపడి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. అదే కోరంగి ఏరు. ఈ ఏటి ఒడ్డునే కోరంగి, తాళ్ళరేవు వెలశాయి. తాళ్ళరేవు అన్న పేరులోనే ‘రేవు’ అన్న మాట నిలిచి ఉండడం గమనార్హం.

కోరమాండల్ తీరంలో చాలా రేవులకు సహజ రక్షణ లేదు. మద్రాసులో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి, సరుకును మసూలా పడవలలో కెరటాలమీదుగా చేరవేయవలసి వచ్చేది. కోరంగి పరిస్థితి భిన్నమైనది. నైరుతి ఋతుపవన కాలంలో గాలిని, కెరటాలను దక్షిణ, తూర్పు దిక్కుల నుంచి డెల్టా భూభాగమే అడ్డుకొనేది. అఖాతంలోని నీరు ప్రశాంతంగా ఉండేది. పోటు సమయంలో తగిన లోతున్నప్పుడు ఓడలు ఏటిలోనికి ప్రవేశించి, ఊరి ఒడ్డునే సరుకు దింపగలిగేవి. సముద్రానికి చేరువగా ఉంటూ సముద్రపు తాకిడికి దూరంగా ఉండడమే ఈ రేవు ప్రత్యేకత.

అయితే ఈ రక్షణను కల్పించింది నది తెచ్చిన ఒండ్రు, ఇసుక. నది ఏటేటా వరద కాలంలో తెచ్చే ఇసుకను సముద్రపు ప్రవాహాలు తీరం వెంబడి ఉత్తరంగా నెడతాయి. అలా పేరుకొన్న పొడవైన ఇసుకదిబ్బ క్రమంగా అఖాతానికి తూర్పున అడ్డుగోడగా రూపొందింది. దాని ఉత్తరపు కొసనే నేడు హోప్ దీవి అంటున్నారు. గత రెండు శతాబ్దాల కాలంలోనే ఇది ప్రస్తుత రూపం దాల్చిందని భూరూప పరిశోధనలు చెబుతున్నాయి. అదే ఇసుక, అదే ఒండ్రు ఏటి ముఖద్వారాన్ని కూడా పూడుస్తూ వచ్చాయి. కోరంగిని రేవుగా మలచిన ప్రక్రియ, దానిని రేవుగా నిలవనీయని ప్రక్రియ ఒకటే. డెల్టా రేవుల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ విషయం మూలసూత్రం వంటిది.

3. పేరు, ప్రాచీనత:

కోరంగి అన్న పేరు ‘కళింగ’ శబ్దం నుంచి వచ్చిందని పలువురు భావించారు. రోమన్ రచయిత ప్లినీ పేర్కొన్న ‘కలింగాన్’ అగ్రాన్ని అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ తన ప్రాచీన భారత భూగోళ గ్రంథంలో కోరంగితో సమన్వయించాడు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా కళింగ శబ్దంతో సంబంధాన్ని సంభావ్యంగా పేర్కొంది. మలయా ప్రాంతంలో దక్షిణ భారతీయులను ‘కెలింగ్’ అని పిలవడం కూడా కళింగ శబ్దం నుంచే వచ్చిందన్నది విస్తృతాంగీకారం పొందిన అభిప్రాయం.

ప్లినీ కాలపు కళింగ అగ్రం, 18వ శతాబ్దపు కోరంగి ఒకే స్థలంలో ఉన్నాయని నిర్ణయించడం మాత్రం కష్టం. డెల్టా తీరరేఖ శతాబ్దాల తరబడి ముందుకు జరుగుతూ వచ్చింది. రెండు వేల సంవత్సరాల క్రితం నేటి కోరంగి ఉన్నచోట నేల ఉన్నదా, నీరు ఉన్నదా అన్నదే మొదట తేల్చవలసిన ప్రశ్న. కాబట్టి ప్రాచీనతను పేరు మీద మాత్రమే ఆధారపడి స్థాపించడం సమంజసం కాదు. విశ్వసనీయమైన ఆధారాలు పుష్కలంగా లభించేది 18వ శతాబ్దం నుంచే.

4. వర్తకం: మగ్గం నుంచి రేవు వరకు:

17వ శతాబ్దంలో గోదావరి డెల్టా వర్తకానికి కేంద్రాలు పశ్చిమాన వసిష్ఠ పాయ సమీపంలో ఉండేవి. నరసాపురం, మాధవాయపాలెం, పాలకొల్లు ఆ కోవకు చెందినవి. 18వ శతాబ్దంలో ఈ కేంద్రస్థానం క్రమంగా తూర్పుకు, గౌతమి వైపుకు జరిగింది. 1708లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇంజరంలో స్థావరం నెలకొల్పింది. 1723లో ఫ్రెంచివారు యానాంలో వర్తకం ప్రారంభించారు. డచ్చివారు కాకినాడ సమీపంలోని జగన్నాథపురంలో స్థిరపడ్డారు. కొద్ది మైళ్ళ వ్యవధిలో మూడు ఐరోపా కంపెనీలు గిడ్డంగులు కట్టుకోవడానికి ప్రధాన కారణం నేతబట్ట, దానిని ఓడకెక్కించడానికి అనువైన కోరంగి ఏరు.

గోదావరి డెల్టాలోని నేతగ్రామాలు సన్నని నూలుబట్టకు ప్రసిద్ధి. బట్ట నాణ్యతను ‘పుంజాల’ లెక్కలో నిర్ణయించేవారు. పుంజం అంటే పడుగులో 120 పోగులు. పుంజాల సంఖ్య పెరిగేకొద్దీ బట్ట చిక్కబడి, సన్నబడి, ధర పెరిగేది. కంపెనీ వర్తకులు నేతగాళ్ళకు ముందుగా బయానా ఇచ్చి, నిర్ణీత పుంజాల బట్టను నిర్ణీత గడువుకు అందజేయాలని ఒప్పందం చేసుకొనేవారు. బట్ట ఇంజరం గిడ్డంగిలో తనిఖీ అయి, చలువకు వెళ్ళి, మూటలు కట్టబడి ఓడకెక్కేది.

1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయిన తరువాత ఈ ప్రాంతంలో ఇంగ్లీషువారి ఆధిపత్యం స్థిరపడింది. 1765 నాటి మొగలు ఫర్మానా, 1766 నాటి నిజాము ఒప్పందం ఉత్తర సర్కారులను కంపెనీ పరం చేశాయి. కొనుగోలుదారే పాలకుడైన తరువాత నేతగాడికి బేరమాడే అవకాశం తగ్గింది. ఇతర వర్తకులకు బట్ట అమ్ముకొనకుండా కట్టడి పెరిగింది. 18వ శతాబ్ది చివర గోదావరి ప్రాంత నేతగాళ్ళు ఈ కట్టడిని సామూహికంగా ప్రతిఘటించారు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్ళపై పి. స్వర్ణలత రచించిన గ్రంథం ఈ ప్రతిఘటనలను విపులంగా చర్చించింది. రేవు వైభవాన్ని వర్ణించేటప్పుడు ఆ వైభవానికి మూలమైన మగ్గం దగ్గర జరిగిన ఘర్షణను విస్మరించకూడదు.

కంపెనీల సుదూర వర్తకంతో పాటు దేశీయ వర్తకుల ప్రాంతీయ వర్తకం కూడా కోరంగి నుంచి సాగేది. ఉప్పు, బట్ట, నూనెగింజలు తీరం వెంబడి కలకత్తాకు, మద్రాసుకు, బంగాళాఖాతం దాటి పెగూకు వెళ్ళేవి. తిరుగు ప్రయాణంలో టేకు కలప, వక్కలు, బియ్యం వచ్చేవి. ఐరోపా కంపెనీల దస్తావేజులలో ఈ వర్తకం గురించిన ప్రస్తావనలు తక్కువ. కాని కంపెనీల గిడ్డంగులు మూతపడిన తరువాత కూడా కోరంగిని నిలబెట్టింది ఈ ప్రాంతీయ వర్తకమే.

5. నౌకానిర్మాణం:

గోదావరి ముఖద్వారంలో నౌకానిర్మాణం కోరంగితో మొదలు కాలేదు. 1669–1679 మధ్య బంగాళాఖాతపు తీరాలలో సంచరించిన థామస్ బౌరీ నరసాపురం ప్రాంతంలో ఓడల నిర్మాణాన్ని వర్ణించాడు. కలప, ఇనుము, నిపుణులైన వడ్రంగులు అక్కడ చౌకగా లభించడాన్ని అతడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు. వసిష్ఠ పాయ నుంచి గౌతమి వైపుకు వర్తకం జరిగినప్పుడు ఈ నైపుణ్యం కూడా కోరంగి, తాళ్ళరేవులకు చేరింది.

ఇక్కడి నుంచి ఎగువ గోదావరి అడవుల టేకును నదిలో తెప్పలుగా దించవచ్చు. పెగూ టేకును సముద్రం మీదుగా తెప్పించుకోవచ్చు. ఏటి ఒడ్డున మెత్తని వాలునేల, ఆటుపోట్లతో పెరిగి తగ్గే నీరు ఓడను కట్టడానికి, మరమ్మతుకు ఒడ్డెక్కించడానికి, తిరిగి నీటిలోకి దించడానికి అనుకూలించాయి.

ఈ ప్రాంతీయ నౌకలలో ప్రధానమైనది ధోనీ. ఇది చదునైన అడుగు కలిగిన ఓడ. నౌకానిర్మాణ అధికారి జాన్ ఎడీ 1834లో ప్రచురించిన వ్యాసంలో కోరమాండల్ ధోనీ సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉంటుందని వర్ణించాడు. చదునైన అడుగు వల్ల ఇది ఏటి ముఖద్వారంలోని ఇసుకమేటలను దాటగలిగేది, పాటు వేళ నేల తగిలినా ఒరిగిపోయేది కాదు. డెల్టా ఏటికి తగిన ఓడను అక్కడి వడ్రంగి అనుభవంతో రూపొందించుకొన్నాడనడానికి ఇది నిదర్శనం. తండేలు, సరంగు, కళాసులు అన్న నౌకావృత్తి శ్రేణి మొత్తం ఈ గ్రామాల నుంచే వచ్చేది.

19వ శతాబ్ది ఆరంభంలో ఎబెనేజర్ రోబక్ అనే వర్తకుడు కోరంగిలో ఓడల మరమ్మతుకు డాక్‌ను నిర్మింపజేశాడు. 1802 ప్రాంతానికి చెందిన ఈ డాక్‌లో బ్రిటిష్ నౌకాదళపు ఓడలకు సైతం మరమ్మతులు జరిగాయి. కలకత్తాకు, ట్రింకోమలీకి మధ్య పెద్ద ఓడలను డాక్‌లోకి చేర్చగలిగిన స్థలం కోరంగి ఒక్కటేనని గోదావరి జిల్లా గెజిటీర్ పేర్కొంది. ఈ ఒక్క వాక్యం చాలు కోరంగి నాటి స్థాయిని గ్రహించడానికి.

6. ఋతుపవనాలు, ఉప్పెనలు:

6.1. ఓడల కాలం, తుఫానుల కాలం:

తెరచాప ఓడల కాలంలో బంగాళాఖాత వర్తకం గాలి దిశను అనుసరించి సాగేది. నైరుతి గాలులతో ఓడలు తూర్పు తీరం నుంచి పెగూ వైపు వెళ్ళేవి, ఈశాన్య గాలులతో తిరిగి వచ్చేవి. ఒక గాలి ముగిసి మరొక గాలి మొదలయ్యే సంధికాలాలలో, అంటే వేసవి చివరన, శీతకాలం ఆరంభంలో, ఓడలు రేవులో గుమిగూడి సరుకు ఎక్కించుకోవడం, దించుకోవడం జరిగేది. బంగాళాఖాతంలో తీవ్రమైన తుఫానులు పుట్టేది కూడా సరిగ్గా ఆ సంధికాలాలలోనే.

కోరంగిని తాకిన ఉప్పెనల కాలం ఈ విషయాన్ని ధ్రువపరుస్తుంది. 1787, 1832 నాటి తుఫానులు మే నెలలోవి. 1789 నాటిది డిసెంబరు, 1839 నాటిది నవంబరు. 1789లో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచివేశాయని, సుమారు 20,000 మంది మరణించారని వృత్తాంతాలు చెబుతున్నాయి. కలకత్తాలో తుఫానుల శాస్త్రీయ అధ్యయనానికి పునాది వేసిన హెన్రీ పిడింగ్టన్ 1839 నాటి కోరంగి తుఫాను మీద ప్రత్యేక పత్రం ప్రచురించాడు. ‘సైక్లోన్’ అన్న పదాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన 1848 నాటి అతని గ్రంథంలో 1789 నాటి కోరంగి ఉప్పెన ప్రస్తావన కూడా ఉంది. ప్రపంచ తుఫాను శాస్త్రపు తొలి పుటలలో గోదావరి డెల్టాకు చెందిన ఒక చిన్న రేవు చోటు చేసుకోవడం విశేషం.

6.2. 1839 గణాంకాల పరీక్ష:

1839 ఉప్పెనలో 40 అడుగుల ఎత్తున కెరటం వచ్చిందని, 20,000 ఓడలు ధ్వంసమయ్యాయని, 3,00,000 మంది మరణించారని నేటి జనరంజక రచనలలో తరచుగా కనిపిస్తుంది. ప్రపంచంలోని అతి ఘోరమైన తుఫానుల పట్టికలలో ఈ అంకెలతోనే కోరంగికి స్థానం కల్పిస్తున్నారు. ఈ అంకెలను మూడు విధాలుగా పరీక్షించవచ్చు.

మొదటిది సంభావ్యత. ఒక్కొక్క ఓడకు పదిమంది నావికులే ఉన్నారనుకొన్నా 20,000 ఓడలకు రెండు లక్షల మంది నావికులు కావాలి. 1901 జనాభా లెక్కలలో కోరంగి జనాభా నాలుగు వేల పైచిలుకు మాత్రమే. మంచి రోజులలో అది ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేదనుకొన్నా, ఆ ఏటిలో, ఆ అఖాతంలో అన్ని ఓడలు ఏకకాలంలో నిలవడం ఊహకు అందదు.

రెండవది జిల్లా జనాభా. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821 ప్రాంతంలో సుమారు 7.4 లక్షలు. 1841 నాటికి అది సుమారు 5.6 లక్షలకు పడిపోయింది. ఈ ఇరవై ఏళ్ళ మధ్యకాలంలో అనావృష్టులు, వరదలు, 1832–33 నాటి నందన కరువు, వలసలు సంభవించాయి. వీటన్నిటి ఫలితంగా తగ్గిన జనాభాయే రెండు లక్షలకు లోపు. ఒక్క రోజు ఉప్పెనలో మూడు లక్షల మంది మరణించి ఉంటే జిల్లా జనాభాలో సగం వరకు తుడిచిపెట్టుకుపోయి ఉండాలి. తరువాతి కాలపు రెవెన్యూ చర్చలన్నీ ఆ ఒక్క సంఘటన చుట్టూనే తిరిగి ఉండాలి. అలా జరగలేదు.

మూడవది అంకెల మూలం. 1737 అక్టోబరులో కలకత్తాను తాకిన తుఫాను గురించి లండన్ నుంచి వెలువడిన ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో అచ్చయిన వార్తలో కూడా ఇవే అంకెలు ఉన్నాయి. గంగలో నీరు 40 అడుగులు పెరిగిందని, ఓడలు, పడవలు అన్నీ కలిపి 20,000 నాశనమయ్యాయని, 3,00,000 మంది చనిపోయారని ఆ వార్త సారాంశం. మూడు అంకెలు మూడూ సరిపోలడం యాదృచ్ఛికం కాజాలదు. శతాబ్దం వ్యవధితో సంభవించిన రెండు తుఫానుల వృత్తాంతాలు తరువాతి సంకలనాలలో కలగలిసిపోయి, కలకత్తా అంకెలు కోరంగికి సంక్రమించాయని భావించడమే యుక్తం. పైగా కలకత్తా విషయంలోనే ఆ అంకెలు అతిశయోక్తులని భూభౌతిక శాస్త్రవేత్త రోజర్ బిల్హామ్ 1994లో నిరూపించాడు. నాటి కలకత్తా జనాభా మూడు లక్షలకు ఎంతో తక్కువని, కంపెనీ దస్తావేజులలో నమోదైన మరణాలు సుమారు మూడు వేలని అతడు చూపాడు.

ఈ పరీక్ష 1839 నాటి విషాదాన్ని తక్కువ చేయడానికి కాదు. అరువు తెచ్చుకొన్న అంకె, నిజంగా మరణించినవారి పట్ల గౌరవం కాదు. అది వారిని లెక్కించలేదు సరికదా, రేవు చరిత్రలోని తక్కిన కారణాలను వెదకనవసరం లేదన్న భ్రమను కల్పించింది.

7. క్షీణతకు కారణాలు:

7.1. వర్తక కారణాలు:

1813 చార్టర్ చట్టం భారతదేశంతో కంపెనీకి ఉన్న వర్తక గుత్తాధికారాన్ని రద్దు చేసింది. 1833 చట్టం కంపెనీ వర్తకాన్నే ముగించింది. ఇంగ్లండు మరమగ్గాల బట్ట మన సంతలలోకి ప్రవేశించడంతో డెల్టా నేతబట్టకు విదేశీ గిరాకీ పడిపోయింది. ఇంజరం గిడ్డంగి ప్రాధాన్యం కోల్పోయింది. ఇవన్నీ 1839కి ముందే జరిగాయి. ఉప్పెన వచ్చేనాటికి కోరంగి తన ప్రధానమైన ఎగుమతి సరుకును పోగొట్టుకొని ఉంది.

7.2. నదీ కారణాలు:

ఏటి ముఖద్వారంలో మేట వేయడం నిరంతరం సాగే ప్రక్రియ. 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ స్థితిలో మరొక మార్పును తెచ్చింది. ఆర్థర్ కాటన్ నిర్మించిన ఈ ఆనకట్ట కరువులతో కృశించిన జిల్లాను అన్నపూర్ణగా మార్చిందన్నది నిర్వివాదాంశం. అయితే వేసవిలో నదినీటిలో అధికభాగం కాలువలకు మళ్ళడంతో దిగువ పాయలలో ప్రవాహం తగ్గింది. పేరుకొన్న ఒండ్రును కొట్టుకొనిపోయే శక్తి చిన్న ఏళ్ళకు తగ్గిపోయింది. పొలానికి మేలు చేసిన పని రేవుకు మేలు చేయలేదు.

కాలువలు సాగుకు మాత్రమే కాక రవాణాకు కూడా ఉద్దేశించినవి. డెల్టా సరుకు పడవలలో నేరుగా కాకినాడకు చేరే మార్గం ఏర్పడింది. 1825లో జగన్నాథపురం డచ్చివారి నుంచి ఇంగ్లీషువారి అధీనంలోకి రావడంతో కాకినాడ అభివృద్ధికి రాజకీయ అవరోధం కూడా అంతకు ముందే తొలగిపోయింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–1865) పత్తికి ఏర్పడిన అపూర్వమైన గిరాకీ కాకినాడను ప్రధాన ఎగుమతి రేవుగా నిలబెట్టింది. ఆ తరువాత సామర్లకోట నుంచి వచ్చిన రైలుమార్గం ఆ స్థానాన్ని సుస్థిరం చేసింది. కోరంగికి రైలు రాలేదు.

7.3. సాంకేతిక కారణాలు:

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆవిరి ఓడలు బంగాళాఖాతంలో విస్తరించాయి. కలకత్తా–బర్మా మార్గంలో 1856లో ఆరంభమై తరువాత బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకొన్న సంస్థ ఈ తీరపు ప్రయాణాలలో అగ్రస్థానం పొందింది. ఇనుప ఓడలకు ఎక్కువ లోతు కావాలి. అవి కోరంగి ఏటిలోనికి రాలేవు. కాకినాడలోనైతే అవి ఇసుకదిబ్బ చాటున అఖాతంలో లంగరు వేసేవి, సరుకును పడవలలో చేరవేసేవారు. రేవుకు కావలసింది ఒడ్డున లోతు కాదు, ప్రశాంతమైన లంగరుస్థలం, దాని వెనుక కాలువ, రైలు అన్న కొత్త సూత్రం అమలులోకి వచ్చింది. ఇనుప ఓడను కోరంగి వడ్రంగి నిర్మించలేడు, మరమ్మతు చేయలేడు. రేవుతో పాటు నౌకానిర్మాణం కూడా చిన్న ఓడలకు, పడవలకు పరిమితమైంది. ఆ పరిమిత రూపంలో తాళ్ళరేవులో అది 20వ శతాబ్దంలోనూ కొనసాగింది.

ఈ మూడు కారణాలను కలిపి చూస్తే 1839 ఉప్పెన స్థానం స్పష్టమవుతుంది. 1787, 1789 ఉప్పెనల తరువాత కోరంగి కోలుకొంది. అంతేకాక, ఆ తరువాత పదిహేనేళ్ళలోపే డాక్‌ను నిర్మించుకొనేంతగా పుంజుకొంది. నాడు దాని వెనుక సజీవమైన వర్తకం ఉంది, దానికి పోటీ రేవు లేదు. 1839 తరువాత ఆ రెండు అనుకూలతలూ లేవు. ఉప్పెన కంటే ఉప్పెన తరువాత పునర్నిర్మాణానికి కారణం లేకపోవడమే కోరంగిని క్షీణింపజేసింది.

8. రేవు పోయినా నిలిచిన పేరు:

కోరంగి నుంచి పెగూకు సాగిన ప్రాంతీయ వర్తకం సరుకుతో పాటు మనుషులను కూడా తీసుకువెళ్ళింది. రంగూన్‌కు చేరిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వెళ్ళినవారికి సైతం ఆ పేరే వర్తించింది. ఓడ ఎక్కిన రేవు పేరు ఒక జాతికి పేరుగా మారింది. కాకినాడ నుంచి ఆవిరి ఓడలు బయలుదేరే కాలంలో కూడా ఆ పేరు మారలేదు.

ఈ వలస మార్గానికి ప్రముఖ ఉదాహరణ మల్లాడి సత్యలింగ నాయకర్. కోరంగిలో పేద కుటుంబంలో పుట్టిన ఆయన రంగూన్ వెళ్ళి శ్రమజీవిగా మొదలై ఓడల వర్తకుడిగా ఎదిగాడు. తన ఆస్తిని విద్యాదానాలకు వినియోగించాడు. కాకినాడ జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ విద్యాసంస్థలు ఆయన పేరిట నడుస్తున్నవే. రేవు క్షీణించిన ఊరి నుంచి వెళ్ళిన వ్యక్తి సంపాదన, ఆ రేవును అధిగమించిన పట్టణంలో విద్యాలయాలుగా స్థిరపడింది.

అందరి కథా అలా ముగియలేదు. రంగూన్ డాక్‌లలో, బియ్యపు మిల్లులలో, కూలీ బస్తీలలో వేలాది తెలుగువారు దుర్భర పరిస్థితులలో బ్రతికారు. 1930 మే నెలలో కూలి పెంపు కోసం తెలుగు డాక్ కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి స్థానంలో బర్మా కార్మికులను నియమించారు. సమ్మె ముగియగానే ఆ బర్మావారిని తొలగించడంతో ఘర్షణ చెలరేగి, అనేకమంది తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను ఆక్రమణ సమయంలో మిగిలినవారిలో అధికులు స్వదేశానికి తరలివచ్చారు. శతాబ్దానికి పైగా సాగిన కోరంగి–రంగూన్ దారి అంతటితో తెగింది.

కోరంగి పేరు మరొక దూరతీరంలో కూడా మిగిలింది. 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున ప్రవాళ సముద్రంలో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ మునిగిపోయింది. ఆ ఓడ పేరు మీదుగా అక్కడి చిన్న దీవులను నేటికీ కోరంగి దీవులనే పిలుస్తున్నారు.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• కోరంగి రేవుగా ఎదగడానికి మూలం డెల్టా కల్పించిన సహజ రక్షణ, గోదావరి నేతగ్రామాల ఉత్పత్తి, టేకు కలప లభ్యత. ఏ రాజ్యపు పోషణా దీనికి మూలం కాదు.

• 1839 ఉప్పెనకు ముడిపెడుతున్న 40 అడుగులు, 20,000 ఓడలు, 3,00,000 మరణాలు అన్న అంకెలు 1737 నాటి కలకత్తా తుఫాను వార్తలోని అంకెలతో పూర్తిగా సరిపోలుతున్నాయి. వాటిని కోరంగి చరిత్రకు ఆధారాలుగా స్వీకరించడం తగదు.

• రేవు క్షీణత ఒక్క రోజు సంఘటన కాదు. బట్టల వర్తకం పతనం, ఏటి పూడిక, ఆనకట్ట, కాలువలు, కాకినాడ అభ్యుదయం, ఆవిరి ఓడలు కలిసి కొన్ని దశాబ్దాలలో దానిని పూర్తిచేశాయి.

• ఉప్పెన నుంచి కోలుకోవడం ఒక ఊరి ఆర్థిక బలం మీద ఆధారపడుతుందని 1789, 1839ల తులన తెలుపుతోంది. 1996 నవంబరు 6న ఇదే తీరాన్ని తుఫాను తాకినప్పుడు అధికంగా నష్టపోయింది భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలే. కనుక ఈ ప్రశ్న గతానికి మాత్రమే చెందినది కాదు.

• కోరంగి చరిత్ర ఆ ఊరి పొలిమేరలతో ముగియదు. రంగూన్‌లోని ‘కోరంగీల’ జీవితం కూడా ఈ రేవు చరిత్రలో భాగమే. ఆ వలస కుటుంబాల జ్ఞాపకాలను, తాళ్ళరేవు వడ్రంగుల వృత్తి పదజాలాన్ని నమోదు చేయవలసిన అవసరం ఉంది.